కెమెరాలో పసుపు దీపం, మామ చేతులు

వనపర్తిలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఇరవై రెండేళ్లుగా ఫిజిక్సు చెప్తున్నాను. కాంతి, కటకాలు, ప్రతిబింబాలు నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ సంగతి నేనే పదిమందికీ చెప్పుకుంటాను కూడా. నా ముందు ఎవరైనా తప్పు మాట్లాడితే అక్కడికక్కడ కడిగేయందే నాకు నిద్ర పట్టదు. నేను తప్పు మాట్లాడానని ఎవరైనా అంటే మాత్రం ముక్కు మీదికి కోపం వస్తుంది. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నేను చేసినదానికి తెలియనితనం ఒక్కటే కారణమని ఎవరూ సర్దిచెప్పకూడదు.

రెండేళ్ల కింద నాకు ఫిల్ము కెమెరా పిచ్చి పట్టింది. హైదరాబాదులో ఒకాయన దగ్గర పాత రేంజ్‌ఫైండర్ కెమెరా కొన్నాను. దాని మూలన చిన్న కిటికీ ఉంటుంది. అందులోంచి చూస్తే నడుమ ఒక చిన్న చదరంలో మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ ఒక్కరవుతారు. అప్పుడు ఫోకస్ కుదిరినట్టు. కెమెరా వెంట వాడే విధానం చెప్పే పుస్తకం రాలేదు. అమ్మినాయన, "యూట్యూబులో అన్నీ ఉంటయ్ సార్" అన్నాడు. కాంతి గురించి ఇంకొకరు నాకు చెప్పేదేమిటని నేను ఒక్కటీ చూడలేదు.

ఆ కిటికీలోనే పై అంచున రెండు చిన్న బాణం గుర్తులున్నాయి. ఫోటో తీసే మీట సగం నొక్కితే ఒక్కోసారి ఒక గుర్తులో ఎర్ర దీపం, ఒక్కోసారి ఇంకోదాంట్లో పసుపు దీపం వెలుగుతుంది. ఎర్రది అరుదు. మిట్టమధ్యాహ్నం సున్నం గోడకేసి పెట్టినప్పుడు ఒకసారి వెలిగింది. ఎరుపంటే వద్దని అర్థమని ప్రపంచమంతటికీ తెలుసు. అలాంటప్పుడు పసుపంటే సరే, కానివ్వు అనే కదా. ఇంట్లో మిక్సీ మొదలు కాలేజీలో ఇన్వర్టరు దాకా, దీపం వెలిగిందంటే అది పనిచేస్తున్నట్టే. నేను ఆ లెక్కనే పెట్టుకున్నాను. బయట వెలుతురులో ఏ దీపమూ వెలగకపోతే బ్యాటరీ సరిగా తగలడం లేదనుకొని, మూత విప్పి చొక్కా అంచుతో తుడిచి మళ్లీ బిగించేవాణ్ని. అయినా వెలగకపోతే తిట్టుకుంటూనే ఫోటో తీసేవాణ్ని.

మా మేనమామది గద్వాల. ఆయన చీరలు నేస్తాడు. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. కొంగు దగ్గరికి వచ్చేసరికి మగ్గం మీద ఉన్న నూలు పోగులకు పట్టు పోగులు ఒక్కొక్కటే వేళ్లతో మెలిపెట్టి అతకాలి. ఒక్క పోగు జారినా చీర విప్పినప్పుడు తెలిసిపోతుంది. నూలూ పట్టూ ఇచ్చి నేయించుకునే సావుకారి మిగతా ఇళ్లలో ఆ అతుకు వంగి వంగి చూస్తాడు. మామ అతికితే మాత్రం చూడకుండానే మడతపెట్టి తీసుకుపోతాడు.

మామకు ఒక పంతం ఉంది. మా తాతకు చివరి రోజుల్లో చేతులు వణికేవి. ఆయన ఒప్పుకోలేదు. మగ్గానికెక్కించిన నిలువు పోగులు, ఒక పడుగు మొత్తం పాడయ్యాక అప్పటి సావుకారి నలుగురి ముందు ఆయన్ను మగ్గం మీంచి లేపాడు. మామ అది కళ్లారా చూశాడు. అందుకే, "నా చెయ్యి వణికిన్నాడు నేనే దిగుత. ఒకరితోని చెప్పించుకోను" అంటుండేవాడు. మా ఇళ్లల్లో ఆ మాట వినని వాళ్లు లేరు. నేనైతే కొన్ని వందలసార్లు విన్నాను.

వానాకాలంలో ఒక ఆదివారం కెమెరా, స్టాండు మోసుకొని గద్వాల పోయాను. బస్సు దిగి కోట ముందర రెండు ఫోటోలు, సందులో ఆరేసిన రంగు నూలువి రెండు తీశాను. మబ్బుగా ఉన్నా బయట వెలుతురు బాగానే ఉంది. దీపాలు వెలగలేదు. విసుగ్గా మామ ఇల్లు చేరాను. మగ్గం ఉన్న గదిలో ఒకటే కిటికీ. కెమెరా స్టాండుకు బిగించి, మగ్గం కింద తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్న మామకేసి తిప్పాను. ముందూ వెనకా అంతా స్పష్టంగా రావాలని లెన్సు కన్నం చిన్నది చేశాను. మీట సగం నొక్కగానే పసుపు దీపం నిండుగా వెలిగింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

అత్త వాకిట్లోంచి అంది, "ఫోన్ల గూడ ఒకటి తియ్యరాదు అయ్యా, మేము సుత సూస్కుంటం."

"ఫోన్ల తీసేది గూడ ఒక ఫోటోనా అత్తా?" అన్నాను. తను తీద్దామని ఫోను పట్టుకొచ్చింది కూడా. వెనక్కి పంపేశాను.

మామను పోగు అతుకుతున్నట్టు రెండు చేతులూ ఎత్తి పెట్టమన్నాను. కదలొద్దన్నాను.

"కదల. నువ్వు తియ్యి అల్లుడా" అన్నాడు.

నొక్కాను. టిక్కుమంది. "అయిందా?" అన్నాడు మామ. "అయింది" అన్నాను. అలా ఆరు తీశాను. ప్రతిసారీ టిక్కుమనడం, అయిందా అనడం, అయింది అనడం. పైన రేకుల మీద వాన. ఆ చప్పుడులో ఇంకేమీ వినబడలేదు.

ఫిల్ము హైదరాబాదుకు పంపితే మూడు వారాలకు ఫోటోలు ఫోనుకు వచ్చాయి. దీపం వెలగకుండా తీసినవన్నీ అద్దంలా ఉన్నాయి. దీపం వెలిగాక తీసినవాటిలోనే తేడా ఉంది. ఇరవై రెండేళ్లు ప్రయోగశాలలో పిల్లలకు పరిశీలన, నిర్ధారణ అని రాయించినవాడికి అక్కడైనా అనుమానం రావాలి. రాలేదు. ఆరింటిలో కాస్త బాగున్నదాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, గద్వాల తీసుకుపోయాను.

మామ చేతులు పంచెకు తుడుచుకొని ఫ్రేము అందుకున్నాడు. అత్త ఆయన భుజం మీంచి తొంగిచూసింది. నేత పని చేసే పక్కింటాయన కూడా వచ్చాడు. ఫోటోలో మగ్గం కర్ర మీది గాట్లు కూడా కనిపిస్తున్నాయి. మామ ముఖం ముడతలతో సహా ఉంది. మణికట్ల నుంచి మాత్రం చేతులు లేవు. అక్కడ మీగడ పలచగా పూసినట్టు ఒక మరక ఉంది.

"ఏం సారూ, మామకు చేతులే లేకుండ జేసినవ్?" అని నవ్వాడు పక్కింటాయన.

ఆ నవ్వు నాకు చురుక్కుమంది. ఆయన నవ్వకపోయి ఉంటే అంత దూరం పోయేవాణ్ని కానేమోనని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అదీ సాకే.

"కెమెరా తప్పు కాదన్నా" అన్నాను. "మగ్గం జూడు, ఒక్కొక్క పోగు కనవడ్తలేదా? మొఖం జూడు. కెమెరాది తప్పయితే అన్నీ చెదరాలె గద. చేతులే ఎందుకు చెదిరినయ్? కదిలినయ్ గాబట్టి. మామకు చేతులు వణుకుతున్నయ్."

అంతటితో ఆపినా బాగుండేది. క్లాసులో చెప్పినట్టు ఐదు నిమిషాలు చెప్పాను. కెమెరా అబద్ధం చెప్పదన్నాను. దానికి నీవాడు, నావాడు అని ఉండదన్నాను. పక్కింటాయన నవ్వడం మానేశాడు. నాకు అదే కావాల్సింది.

మామ ఫ్రేము అత్తకు ఇచ్చి, రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. "వణుకుతున్నయా?" అన్నాడు.

వణకడం లేదు. నేను చూశాను. గోడకు కొట్టిన మేకుల్లా నిలబడి ఉన్నాయి ఆ వేళ్లు. నా కళ్లతో చూసి కూడా, "పైకి తెల్వదు మామా. సన్నగ ఉంటది. కెమెరాకే దొరుకుతది" అన్నాను.

మామ చేతులు దించుకున్నాడు. అన్నం తిని పొమ్మన్నాడు, తిన్నాను.

పదిరోజులకు అత్త ఫోను చేసింది. మగ్గం మీదున్న చీర పూర్తిచేసి, కోసి ఇచ్చేసి, మామ కొత్త పడుగు వద్దన్నాడట. సావుకారి ఇంటికొచ్చి అడిగినా, నా చెయ్యి ఆగుతలేదన్నాడట.

"నువ్వన్న జర చెప్పు అయ్యా. నీ మాటయితే ఇంటడు."

"మంచిదే గదత్తా. ఇప్పుడన్న జర నిమ్మళంగ కూసోనియ్యి" అన్నాను. ఫోను పెట్టేశాక కూడా మంచి సలహా ఇచ్చాననే అనుకున్నాను.

పరీక్షల కాలం వచ్చింది. మార్చిలో నాకు నాగర్‌కర్నూలులో డ్యూటీ పడింది. తీరిక దొరికితే ఫోటోలు తీద్దామని కెమెరా వెంట తీసుకుపోయాను. బ్యాటరీ మూత బిగుసుకుపోయి రాలేదు. అడిగితే ఒక పాత ఫోటో స్టూడియో చూపించారు. అక్కడ ఒక ముసలి సాయిబు పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్నాడు. నా కెమెరా చూడగానే కత్తెర పక్కన పెట్టేశాడు. చిన్నప్పటి దోస్తు కనబడ్డట్టు దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. మూత విప్పి, శుభ్రం చేసి, కిటికీలో కన్ను పెట్టి చూసి, "బ్యాటరీ మంచిగనే ఉంది సార్" అన్నాడు.

"ఏం మంచిగ? బయట దీపమే వెలుగదు. ఇంట్లకు వొస్తెనే వెలుగుతది" అన్నాను కోపంగా.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "మీరు వెలిగినంక నొక్కుతున్నరా?"

"మరి?"

"ఉల్టా సార్" అన్నాడు. నవ్వలేదు. నిదానంగా చెప్పాడు. "ఏ లైటూ లేకుంటే అంతా ఠీక్, నొక్కొచ్చు. ఎర్రది ఒస్తే వెలుగు జాస్తి. పసుపుది ఒస్తే వెలుగు తక్కువ, లోపటి తలుపు చానసేపు తెరిచి పెడ్తనని కెమెరా మనకు ముందే చెప్తది. గప్పుడు మనిషిని తీయొద్దు. చెయ్యి కదిలినా, రెప్ప కొట్టినా పాయె."

కెమెరా తన చెవి దగ్గర పెట్టుకొని, దుకాణం లోపలి చీకటి మూలకు తిప్పి నొక్కాడు. తర్వాత నా చెవి దగ్గర పెట్టి మళ్లీ నొక్కాడు. టిక్. నేను అయిపోయిందనుకున్నాను. ఆయన వేలెత్తి ఆగమన్నాడు. ఒక మనిషి నింపాదిగా ఊపిరి తీసి వదిలేంత సేపటికి ఇంకో టిక్.

"మొదటిది తెరుసుకునేది. ఇది మూసుకునేది" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. స్టూలు మీద కూర్చున్నాను. ఆయన చాయ్ తెప్పిస్తానంటే వద్దన్నాను. మగ్గం మీద పనంతా చప్పుళ్లతో నడుస్తుంది. ఆ ఇంట్లో పెరిగినవాణ్ని, నాకు తెలియనిది కాదు. అటువైపు ఒకరు, ఇటువైపు ఒకరు కూర్చొని నేసేటప్పుడు నోటితో ఏమీ చెప్పుకోరు. అడ్డపోగు పేకను దగ్గరికి కొట్టిన చప్పుడు వినగానే చెయ్యి తర్వాతి పనికి పోతుంది. మామకు అది యాభై ఏళ్ల అలవాటు. మొదటి టిక్కు వినగానే పని అయిపోయిందని ఆయన చేతులు కదిలాయి. అయిందా అని అడిగాడు కూడా. అయింది అన్నాను. అప్పటికి కెమెరా తలుపు బార్లా తెరిచే ఉంది. వాన చప్పుడులో రెండో టిక్కు నాకు వినబడలేదు. మామ చేతులు వణకలేదు, పనిలోకి పోయాయి. ఆ దీపం ఆరుసార్లూ నాకు ముందే చెప్పింది, ఆరుసార్లూ నేను సంబరపడ్డాను.

ఆ రోజే గద్వాల బస్సెక్కాలి. ఎక్కలేదు. డ్యూటీ అయ్యాక పోదామనుకున్నాను. అయ్యాక పేపర్లు దిద్దడం వచ్చింది. ఫోనులో చెప్పే మాట కాదనుకున్నాను. ఆయన ఇప్పుడు సుఖంగానే ఉన్నాడు కదా, ఎందుకు కదిలించడమనుకున్నాను. ఒక సిగ్గుమాలిన మనిషికి ఎన్ని ఆలోచనలు వస్తాయో అన్నీ వచ్చాయి. అసలు సంగతి ఒక్కటే. ఆ పక్కింటాయన ముందు నాకు తెలియదు అనడానికి నాకు నోరు రాదు.

ఏప్రిల్‌లో ఒకసారి, మే నెలలో ఒకసారి గద్వాల పోయాను, చెప్పాలనే. మామ అత్త పక్కన కూర్చొని ఇంకొకరి మగ్గానికి కండెలు చుడుతున్నాడు. ఇళ్లల్లో ఆడవాళ్లూ చేతకాని ముసలివాళ్లూ చేసే పని అది. రెండోసారి పోయినప్పుడు అత్త చాయ్ ఇస్తే, "సగమే పొయ్యి, తొణుకుతది" అన్నాడు. ఆ సగం గ్లాసును రెండు చేతులతో పట్టుకొని తాగాడు. గడ్డం తానే గీసుకునే మనిషి షాపుకు పోతున్నాడని అత్త చెప్పింది. దవాఖానకు కూడా తీసుకుపోయిందట. డాక్టరు చేతులు చాపించి, వేళ్లు ముక్కుకు ఆనించమని, పేరు రాయమని చూసి, ఏ రోగమూ లేదు పొమ్మన్నాడట.

"డాక్టరు కండ్లకు కనవడకుంటె ఏమాయె" అన్నాడు మామ. "కెమెరాల వడ్డది గద."

నేను గ్లాసు కింద పెట్టాను. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల ఒకటే పోరు. బస్సుకు వేళయిందని లేచి వచ్చేశాను. బస్సులో నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. దాంతో మామకు ఒరిగిందేమీ లేదు.

జూలైలో అత్త మళ్లీ ఫోను చేసింది. "మీ మామ రేపు మగ్గం వీకిస్తున్నడు. గుంటల మన్ను పోసి చదును జేస్తే మంచం వడ్తదంటుండు."

తెల్లారి మొదటి బస్సుకు పోయాను. కెమెరా తీసుకుపోయాను. గుమ్మం ముందర ఇద్దరు మనుషులు మట్టి దించుతున్నారు. వాళ్లను ఆగమని మామను మగ్గం గదిలోకి పిలిచాను. కెమెరా ఆయన చేతికిచ్చి, కిటికీలో కన్ను పెట్టమని, మీట సగం నొక్కించాను.

"ఏమన్న వెలిగిందా?"

"ఆ. పసుపుది."

"అది వెలిగితే తీయొద్దు మామా. వెలుగు సాలదు, చానసేపు పడ్తది, కదల్తదని చెప్పుడు అది. నాకు తెల్వక వెలిగినంకనే నొక్కిన. నువ్వు చప్పుడు ఇని చేతులు దించినవ్. నీ చేతులు వణుకలేదు. తప్పు నాది."

మామ కన్ను తీయలేదు. గది మూలలకు తిప్పి చూశాడు. కిటికీకేసి తిప్పాడు, దీపం ఆరినట్టుంది, మళ్లీ మగ్గంకేసి తిప్పాడు. మూడు నాలుగు సార్లు అలా చూశాక కెమెరా ఒళ్లో పెట్టుకున్నాడు. చేతులు చాపి చూసుకున్నాడు.

"నాకు గట్లనే అనిపిచ్చింది. కని నువ్వు సదువుకున్నోనివి గద" అన్నాడు.

నేను ఆయన ఒళ్లోంచి కెమెరా తీసుకున్నాను.

"ఎప్పుడు తెలిసిందిది నీకు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. మార్చి నెల, నాగర్‌కర్నూలు. చెప్పడానికి ఒక్క మాట చాలు. ఇంత దూరం వచ్చి, ఇంత ఒప్పుకున్నవాణ్ని.

"నిన్న" అన్నాను.

మామ నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. అత్తను కేకేశాడు. మట్టి తెచ్చినవాళ్లను వెనక్కి పొమ్మన్నాడు. వారం తిరగకుండా సావుకారి పడుగు పంపాడు, మామ మగ్గమెక్కాడు. ఇప్పుడు ఎప్పటిలాగే నేస్తున్నాడు, కొంగులు ఎప్పటిలాగే అతుకుతున్నాడు. ఎప్పుడు పోయినా నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్తాడు. వణుకు సంగతి, డాక్టరు సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, చివరికి నా భుజం మీద చెయ్యి వేస్తాడు.

"తప్పు ఎవలైన జేస్తరు. నిన్న తెలిసింది, తెల్లారి బస్సెక్కి వచ్చి నా మొఖం మీద చెప్పిండు. గంత నీతి, నియ్యతు ఎవలికి ఉంటది?" అంటాడు.

వచ్చినవాళ్లు నన్ను మెచ్చుకోలుగా చూస్తారు. నేను అవునన్నట్టు తలూపుతాను.